గడప బయటి తిట్లు

ఒనోరే బార్బిజే తన ఆవుల కొట్టంలో తిట్టడు. తిట్టు ముంచుకొస్తే పాల బకెట్ కింద పెట్టి, గడప దాటి, టోపీ పెట్టుకుని తిడతాడు. ఆ తర్వాత టోపీ తీసి మళ్లీ లోపలికి పోతాడు. ఆ కొట్టం ఏడొందల ఏళ్ల కిందట యాత్రికుల కోసం కట్టిన ప్రార్థనాలయం మరి.

పొద్దున్నే పాల క్యాన్లు ఎత్తుకుపోయే బండి నాది. పదకొండేళ్లు చూశాను ఈ తంతు.

"తన్నుతావటే రుసెట్! నీ కొమ్ములకు చెద పట్ట!"

వెంటనే ఎదురింటి కిటికీ దడాల్న తెరుచుకునేది. ఓడిల్ అవ్వ. ఎనభై నాలుగేళ్ల ఒంటరి మనిషి.

"పొద్దున్నే ఏం నోరురా అది! లోపలే ఏడవచ్చుగా?"

"దేవుడి ఇల్లక్కా!"

"ఏ కాలంలో? ప్లేగొస్తే రోగుల్ని పడేశారు. విప్లవంలో వేలమేసి, తుపాకీ మందు కోసం సురేకారం నింపారు. మా తాత అందులో ఆపిళ్లు నలిపి సారా కాచాడు. ఇప్పుడు పేడ! దేవుడెప్పుడో ఖాళీ చేసి పోయాడు."

"పోతే తాళంచెవి ఇచ్చి పోయేవాడు. వీళ్లంతా అద్దెకున్నవాళ్లే, నా ఆవులతో సహా!"

"ఛీ, పో!" కిటికీ మూసుకునేది.

అవ్వకు పరామర్శలంటే ఒళ్లుమంట. "ఎలా ఉన్నావవ్వా?" అని తలుపు తడితే చాలు, "చచ్చానేమో చూద్దామని వచ్చావా?" అంటూ చీపురు తిరగేసేది. నేనూ రెండు తిన్నాను. ఊళ్లో అందరూ ఆ గుమ్మం తొక్కడం మానేశారు.

నిరుడు జనవరిలో, మంచు కురిసిన పొద్దున, ఒనోరే తిట్టాడు. కిటికీ తెరుచుకోలేదు. గొంతు పెంచి ఆవు ఏడు తరాలనూ తిట్టాడు. ఊహూఁ. మూడోసారి తిట్టు సగంలోనే ఆపేశాడు. "అక్కా!" అంటూ పరుగెత్తాడు.

ఇద్దరం తలుపు విరగ్గొట్టాం. అవ్వ పొయ్యి పక్కన కాలు విరిగి, చలికి కొయ్యబారి పడి ఉంది. మెల్లగా కళ్లు తెరిచింది.

"మంచి తలుపురా అది, వెధవల్లారా!"

హమ్మయ్య! నా ప్రాణం లేచొచ్చింది. ఒనోరే అక్కడే కూలబడి నవ్వుతూ ఏడ్చాడు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

అతను అవ్వతో ఆసుపత్రికి పోవడంతో ఆ పూట పాలు నేనే పితికాను. ఎక్కడ తన్నుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. రుసెట్ తోకైనా ఆడించలేదు. నిలబడే కునుకు తీసింది. ఈ సాధుజీవి ఇన్నేళ్లూ ఎవరి కోసం తిట్లు తిందో అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు.

వారానికి అవ్వ కాలికి కట్టుతో ఇల్లు చేరింది. మర్నాడు ఒనోరే బయటికొచ్చి, గొంతు సవరించుకుని, "ఓసి దిక్కుమాలినదానా..." అని మొదలెట్టాడు.

కిటికీ తెరుచుకుంది.

"ఏంట్రా ఆ చప్పటి తిట్టు? ఆవు తన్నదని నాకెప్పుడో తెలుసు గానీ, కాస్త గట్టిగా తిట్టు. నేను బాగానే ఉన్నాన్లే!"