కాఫీ కళ్ళంలో విమానం

నా చిన్నప్పుడు, చింతపల్లి దగ్గర మా ఊళ్ళో, బైబిల్లోని కంఠత వాక్యాలు ఒప్పజెప్పడమంటే పెద్ద గొప్ప. చర్చిలో ఆదివారం బడికి వెళ్తే, గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పినవాళ్ళకి స్టీలు గ్లాసు ఇచ్చేవారు. మధ్యలో ఆగితే ఇక అంతే. పక్కింటి అన్న వాళ్ళింట్లో అన్నీ ఆ గ్లాసులే. వాళ్ళమ్మని నేను పెద్దమ్మా అనేదాన్ని, వాటిల్లోనే నాకు రాగి అంబలి పోసేది. ఆ అన్నే పెద్దయ్యాక వైమానిక దళంలో పైలట్ శిక్షణకు ఎంపికయ్యాడు. తొంభైల్లో మాట అది. ఊరంతా పొంగిపోయింది.

ఒక డిసెంబరులో సెలవు మీద వచ్చాడు. మనిషి మనిషిలా లేడు. పాస్టరుగారు అందరి ముందూ నిలబెట్టి ప్రార్థన చేస్తుంటే తలెత్తలేదు. "ఇమానం ఎప్పుడు తోల్తావురా?" అని అడిగినవాళ్ళకి ఓ నవ్వు నవ్వి తప్పుకునేవాడు. నాతో పని పడింది కాబట్టి అసలు సంగతి నాకు చెప్పాడు.

విమానం దించేముందు చెయ్యాల్సిన పనులకి ఒక వరస ఉంటుందట. బ్రేకులు, చక్రాలు, ఇంధనం, రెక్కల వెనక కిందికి వంచే ఫ్లాపులు, బెల్టు. అన్న దాన్ని కంఠత వాక్యంలాగే బట్టీపట్టాడు. ఒకరోజు సగంలో ఉండగా రేడియోలో పిలుపొచ్చింది. జవాబిచ్చి, వదిలిన చోటనుంచే అందుకున్నాననుకున్నాడు. నోరు "చక్రాలు" అని ఎప్పుడో అనేసింది, చెయ్యి మాత్రం కదల్లేదు. చక్రాలు దించకుండానే నేల మీదికి వచ్చేస్తుంటే పక్క సీట్లో కూర్చుని నేర్పే సారు చటుక్కున పైకి లేపబట్టి ఇద్దరూ బతికారు. సెలవు కాగానే మళ్ళీ పరీక్ష. అందులోనూ తప్పితే ఇక విమానం ఎక్కనివ్వరు.

అందుకని కాఫీ పళ్ళు ఆరబెట్టే కళ్ళంలో పీట వేసుకుని కూర్చునేవాడు. రెండు ఇటుకలు బ్రేకులు, గరిటె చక్రాలు, కిరసనాయిలు డబ్బా ఇంధనం, చాట ఫ్లాపులు, నడుముకి తువ్వాలు బెల్టు. ఒక్కొక్కటీ ముట్టుకుని, కళ్ళతో చూసి, అప్పుడు పైకి అనాలి. పళ్ళు తిరగేస్తూ తిరగేస్తూ నేను ఎప్పుడు పడితే అప్పుడు అడ్డుపడాలి. అదీ నా పని.

"ఏటన్నా, ఏటి సేత్తన్నావు?" అనేదాన్ని. జవాబు చెప్పి మళ్ళీ ఇటుకల దగ్గరికి వెళ్ళేవాడు. చాట దాకా వచ్చినా సరే, మళ్ళీ ఇటుకలే. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. పెద్దమ్మ తన గరిటె కోసం కేకలేసేది. నాకైతే ప్రాణం విసిగిపోయింది. ఓరోజు ఉండబట్టలేక, "గరిటి దాకా వచ్చేసావు గదా, అక్కణ్ణించి సెప్పేయరాదా?" అన్నాను.

అన్న కోప్పడలేదు. గరిటె ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొన్న అలాగే అనుకున్నానే గుంటా. సచ్చిపోబోయాను," అన్నాడు. తర్వాత మళ్ళీ ఇటుకలు ముట్టుకున్నాడు. నేను మళ్ళీ పళ్ళు తిరగేశాను.

వేసవిలో వచ్చి పరీక్ష సంగతి చెప్పాడు. దిగబోతుండగా సారు కావాలనే ఏదో అడిగారట. వరస చెదిరింది. నేల దగ్గరికొచ్చేస్తోంది. "తప్పింది సార్, పైకెళ్ళి మొదటినుంచీ చేస్తాను," అని విమానాన్ని పైకి లేపేశాడు. ఇక తన పని అయిపోయిందనే అనుకున్నాడట, కానీ సారు పాసు చేశారు.

"ఓలమ్మ! తప్పినోడిని పాసు సేసీసారేటి?" అని పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. గరిటె అరిగినా ఫలితం దక్కిందని మాత్రం ఊరంతా చెప్పుకుంది.

ఆసుపత్రి ఉద్యోగంలో నాకిప్పుడు తల నెరిసింది. డ్యూటీ ముగిసే వేళకి కాళ్ళు పీకేస్తుంటాయి. మంచం మీది పేరు చూసి, సీసా మీది పేరు చూసి, మందు కొలుస్తుంటే సరిగ్గా అప్పుడే ఎవరో "సిస్టర్!" అని పిలుస్తారు. వెళ్ళి వస్తాను. మళ్ళీ మంచం మీది పేరు దగ్గర మొదలెడితే కొత్తగా చేరిన పిల్లలు నిట్టూరుస్తారు. వాళ్ళని తప్పుపట్టను, నాకూ విసుగే. ఎక్కడ వదిలానో గుర్తుంది కదా అని నా మనసూ అంటుంది.

ఆ రోజు విమానంలో అన్న కూడా గుర్తుందనే అనుకున్నాడు. అందుకే సీసా కింద పెట్టి, మంచం మీది పేరు మళ్ళీ వేలితో ముట్టుకుంటాను.