ఒక్క గిన్నె

మొన్న వనపర్తి బస్టాండులో కొత్తకోట బస్సు కోసం నిలబడితే, ఒకామె నన్ను తేరిపార చూసి, "నువ్వు చర్చిల పిల్లలకు కథలు చెప్పే అత్తమ్మ మేనకోడలివి గద? అచ్చం ఆమె తీరుగనే నిలబడ్డవు" అంది. నడుం మీద చెయ్యి పెట్టి, పోట్లాటకు వచ్చినట్టు నిలబడటం మా మేనత్త పద్ధతి. అది నాకూ వచ్చిందని ఈ వయసులో తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట. నేను వనపర్తిలో డిగ్రీ చదువుతూ ఆదివారాలు ఊరికి వచ్చేదాన్ని. మాది రేకుల చర్చి. పైన సెగ, కింద ఈత చాపల వాసన. భర్త పోయాక అత్త మా ఇంట్లోనే ఉండేది. ఆమె పాట అందుకుంటే డోలు కొట్టేవాడు దారి తప్పేవాడు. ముందు చాపల మీద మా మాలవాడ, వెనక చాపల మీద మాదిగవాడ. ఊళ్ళో పెద్ద రైతులకు మేమందరం ఒకటే దూరం. అయినా అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల నాడు, ఆ గిన్నె మా వాళ్ళందరూ తాగాకే వెనక్కి పోయేది. ఎవరూ పెట్టిన నియమం కాదు కనుక, తీసెయ్యమని ఎవరినీ అడగడానికి లేదు.

ఒక ఆదివారం అత్త లేచి వెళ్ళి, వెనక ఒక ముసలవ్వ పక్కన కూర్చుంది. అవ్వ తాగాక అదే గిన్నెలో తాగింది. ముందు చాపల మీది తలలన్నీ వెనక్కి తిరిగాయి.

ఇంటికి రాగానే, చర్చి పెద్దల్లో ఒకడైన మా నాన్న, "మమ్ముల తలెత్తుకోనియ్యవా అక్కా?" అన్నాడు.

"తల దించుకునే పని నేనేం చేసిన్రా?"

ఆ రోజు నుంచి ఆమె నీళ్ళ బిందె వేరైంది. ఆమెకు పోవడానికి మరో ఇల్లు లేదు, అది అందరికీ తెలుసు. అవ్వ దగ్గరికి పోతే అవ్వ గడపలోనే ఆపింది. "మీ వాళ్ళ కోపం నీతోని ఆగదు బిడ్డా, మా పిలగాండ్ల మీదికొస్తది. జర ఇటు రాకు."

ఆ తర్వాత అత్త రెండు చాపల నడుమ ఒట్టి బండల మీద కూర్చునేది. గిన్నె వెనక వరుసలన్నీ తిరిగాక, ఆఖరున తాగేది. నేను లేచి వెళ్ళబోతే అమ్మ నా మణికట్టు వదిలేది కాదు. పాస్టరయ్య రెండు వైపులా సమానంగా నవ్వేవాడు.

కొన్నేళ్ళకు పెద్దలు గద్వాల నుంచి వేలెడంత గాజు గిన్నెలు తెప్పించారు, మనిషికొకటి. అందరూ సంబరపడ్డారు. నాన్న ఆమెతో మళ్ళీ మాట కలిపాడు. "ఇగ నీ కోరిక తీరింది గద అక్కా?"

అత్త ఆ చిన్న గిన్నెను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఒక్క గిన్నెల తాగుదమంటే ఎవరి గిన్నె వాళ్ళకిచ్చిండ్రు. ఇప్పుడు నేనేమని కొట్లాడాలె తమ్మీ?"

బిందెలు కలిశాయి. ఆమె మాత్రం పోయేదాకా ఆ బండల మీదే కూర్చుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం మోకాళ్ళ నొప్పులేమో అనుకునేవారు.

ఆ తగవు ఎట్లా తీరిందని మా పిల్లలు అడుగుతుంటారు. తీరలేదు, పాతబడింది. ఏళ్ళు గడిస్తే రెండూ ఒకేలా కనబడతాయి.