గ్రేటర్ నోయిడా అవతలి పొట్లం మందు

మా అక్క మూడో కీమో వాయిదా పడటంతో ఈ ప్రయాణం వచ్చిపడింది. అక్కా బావా తెనాలి నుంచి వైద్యానికి వచ్చి, ఆర్.కె.పురంలోని మా సర్కారు క్వార్టర్లో ఉంటున్నారు. రక్తపరీక్షలో లివర్ దెబ్బతిన్నట్టు కనిపిస్తోందనీ, కుదుటపడేదాకా కీమో ఎక్కించలేననీ డాక్టరమ్మ చెప్పింది. బయటి మందులేమైనా వాడుతున్నారా అని ఆవిడ అడగడం పూర్తికాకముందే బావ, "అబ్బే, ఏమీ లేదండీ" అనేశారు.

ఆ ఆదివారం మమ్మల్ని బయల్దేరదీసింది కూడా ఆయనే. గ్రేటర్ నోయిడా దాటాక ఒక పల్లెలో వైద్యుడున్నాడట. పొట్లాలతోనే కేన్సర్‌ను తరిమేస్తాడట. ఆఫీసులో ఆధారం లేనిదే ఫైలు కదపని నేను, బావగారి మాట కాదనలేక పులిహోర డబ్బా పట్టుకుని కదిలాను.

మెట్రో ఇంకా నోయిడా చేరని రోజులు. ఏడింటికి బస్సెక్కి, నోయిడాలో మారాం. రెండో బస్సులో సగం మంది హాస్టళ్లకు తిరిగి వెళ్తున్న ఇంజనీరింగ్ పిల్లలు, సగం మంది ఎక్స్‌రే కవర్లు పట్టుకున్న మాలాంటివాళ్లు. పక్కసీటావిడ వైద్యుణ్ణి తెగ పొగిడింది.

"మా బావగారి కేన్సర్ పూర్తిగా పోయింది భయ్యా" అంది హిందీలో.

"ఇప్పుడెలా ఉన్నారు దీదీ?"

"ఆయనా పోయారు. కేన్సర్‌తో కాదు. లివర్ పాడైంది, అంతే."

బావ కిటికీలోంచి బయటికి చూడసాగారు.

అక్కణ్ణుంచి షేర్ జీపు. పది దాటాక ఒక రేకుల షెడ్డు ముందు దింపాడు. "జడీ బూటీ. నో సైడ్ ఎఫెక్ట్" అని మూలికల మందు బోర్డు. గుమ్మంలో ఒకతను పథ్యం వల్లిస్తున్నాడు: "వంకాయ బంద్. పుల్ల పెరుగు బంద్. పచ్చడి బంద్. ఆస్పత్రి మందు బంద్." ఆ జాబితాలో వంకాయ తర్వాతే కీమో.

లోపల వైద్యుడు ఒక చేత్తో రోగి నాడి చూస్తూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని ఏదో ప్లాటు బేరమాడుతున్నాడు. మా వంతు రాగానే అక్క నాడి కూడా పట్టుకుని పొట్లం ముందుకు తోశాడు. ఇందులో ఏమేం ఉన్నాయని అక్క నాచేత అడిగించింది.

"అది మా తాతగారి రహస్యం, మాతాజీ."

"చూశావుట్రా రవీ! నా చారులో ఏం వేశానని పక్కింటావిడ అడిగితే చెప్తాను. నా ఒంట్లోకి పోయేదాని పేరు చెప్పడానికి ఈయనకేం రోగం?"

రోగం అన్న ముక్క వదిలేసి మిగతాది హిందీలో చెప్పాను. వైద్యుడు ఆమెను వదిలి బావ వైపు తిరిగాడు.

"అరే సాబ్, పోయిన నెల పట్టుకెళ్లింది మీరేగా! అప్పుడే అయిపోయిందా?"

ఈ హిందీ అర్థం కావడానికి అక్కకు నా అవసరం రాలేదు.

"మీరిచ్చిన పాలు చేదుగా ఉన్నాయంటే పసుపెక్కువైందన్నారు" అంది నెమ్మదిగా.

బావ తల దించుకున్నారు. "నువ్వు బకెట్టు ముందు కూచుని కక్కుతుంటే చూడలేకపోయానే. చెట్ల మందు, హాని చెయ్యదన్నారందరూ."

"నాకు చెప్పకపోతే పోయె. డాక్టరమ్మ అడిగితే కూడా లేదన్నారే!"

అక్క పొట్లం చేతిలోకి తీసుకుంది. వైద్యుడి మొహం వెలిగింది. "తినడానిక్కాదు, రేపు డాక్టరమ్మకి చూపించడానికి" అంది. ఈసారి ఒక్క ముక్క వదలకుండా అనువదించాను. వైద్యుడు చటుక్కున పొట్లం లాక్కుని, గల్లాపెట్టెలో వేసి, తర్వాతి రోగిని పిలిచాడు. రోగికి ఏ హానీ చెయ్యని ఆ మందు డాక్టరు కంటపడితే వైద్యుడికి హాని కాబోలు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. బావ వెనక సీట్లో ఒంటరిగా కూలబడ్డారు. నోయిడా దగ్గరపడుతుండగా అక్క వెనక్కి తిరగకుండానే, "ఇటొచ్చి కూచోండి" అంది. నేను లేచి చోటిచ్చాను.

"రేపు నేను నోరు విప్పను. మీరే చెప్పాలి."

"చెప్తాను."

చెప్పారు కూడా. అందులో ఏముందో తెలియనప్పుడు లివర్‌ను దెబ్బతీసింది అదేనని గానీ, కాదని గానీ తేల్చలేననీ, వెంటనే ఆపమనీ అంది డాక్టరమ్మ. కొన్ని వారాలకు అక్క కుదుటపడింది, కీమో మళ్లీ మొదలైంది.

ఆ పల్లెకు దారి చెప్పమని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ఏ బస్సు ఎక్కడ మారాలో అంతా చెబుతాను. వెళ్లేముందు మీ డాక్టరుతో ఒక మాట చెప్పి వెళ్లండి అని కూడా అంటాను. అంతవరకూ శ్రద్ధగా విన్నవాళ్లు, ఆ మాట దగ్గరికొచ్చేసరికి వాచీ చూసుకుంటారు.