అల్లుడు అనే పదవి

రోమ్ నగరంలో ఒకప్పుడు ‘మేనల్లుడు’ అని ఒక ఉద్యోగం ఉండేది. నవ్వకండి, ఇది నేను కల్పించింది కాదు. కొత్త పోపు గద్దెనెక్కగానే తన వంశంలోంచి ఒక కుర్రవాణ్ణి పిలిపించి, నెత్తిన ఎర్ర టోపీ పెట్టి, కార్డినల్‌ను చేసి, రాజ్యం తాళాలు చేతికిచ్చేవాడు. పోపు తర్వాత అంతటివాళ్ళు కార్డినళ్ళే. రేపటి పోపును ఎన్నుకునేదీ వాళ్ళే. ఆ కుర్రవాడి హోదాకు పేరే ‘మేనల్లుడు కార్డినల్’. కలెక్టరు, తాసీల్దారు అన్నట్టు మేనల్లుడన్నమాట.

ఈ సంగతి నాకు చెప్పింది ఖమ్మం వైపు మా మిషన్ హాస్టల్లో ఉండిన ఇటలీ ఫాదరు. ఆయనది మిలాన్. తెలుగు మా వంటమనిషి దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి బిషప్పు గారిని కూడా “ఓరి నాయనా” అనే పలకరించేవాడు. వానాకాలం సాయంత్రాలు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, తన దేశపు గొప్పింటి కార్డినళ్ళ కథలు చెప్పేవాడు. ఆ ఇళ్ళలో పెద్దకొడుక్కి భూములు, రెండోవాడికి కత్తి, మూడోవాడికి టోపీ. ఒక రాజుగారి కొడుక్కి ఎనిమిదేళ్ళకే కార్డినల్ పదవి వచ్చింది. ఇంకొకాయనకు, రాజ్యమేలే తన బంధువు వారసుడు లేకుండా చనిపోతే, ముసలితనంలో టోపీ మీదనే కిరీటం పెట్టుకోవలసి వచ్చింది. చనిపోయిన కార్డినల్ టోపీని సమాధి మీద పైకప్పుకు వేలాడదీసేవారట. అది చివికి తనంతట తాను రాలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

ఆయన చెప్పింది పిడికెడు, నేను కలిపింది బుట్టెడు. నా కథలో ఎనిమిదేళ్ళ కార్డినల్ ఊడిన పాలపళ్ళు టోపీలోనే దాచుకునేవాడు. కార్డినల్ అంగీ తోక ఎంత పొడుగంటే, ఆయన ఖమ్మంలో దిగి కాఫీ తాగుతుంటే కొస ఇంకా డోర్నకల్ ప్లాట్‌ఫారం మీదే ఉండేది.

ఈ కథల మూటతోనే నేను రియాద్ చేరాను. అక్కడి మలాజ్ పేటలో ఒక పరదాల దుకాణంలో కుట్టుపని. కింద దుకాణం, మీద మా గది. మా మేస్త్రీది జగిత్యాల వైపు. మంచి పనిమంతుడు. ఆయన చేసిన ఒకే ఒక్క పొరపాటు, తన అక్క కొడుకును వీసా మీద తెప్పించి, చిన్న మేస్త్రీ అని మా నెత్తిన పెట్టడం. ఇంటి దగ్గర ట్రాక్టరు తోలిన మనిషి. సూదిలో దారం ఎక్కించడం రాదు. మెడలో టేపు వేసి, కొలతలు తెమ్మని ఇళ్ళకు పంపితే, అడ్డం నిలువు మార్చి రాసుకొచ్చాడు. ఒక పెద్ద బంగళాకు మేము కుట్టి పంపిన పరదాలు కిటికీకి జాకెట్టు తొడిగినట్టు వచ్చాయి. ఆ రోజు నుంచి అతనికి పేరు లేదు. అందరికీ ‘అల్లుడే’.

“అల్లుడా, సూది కింద వడ్డది, మీ మామకు జెప్పి వెతికియ్యి.” అలా సాగేది. అతను తనే వంగి వెతికేవాడు. ‘మేస్త్రీ’ అని ఎవరైనా పిలుస్తారేమోనని మాత్రం చెవులు అటే పెట్టుకుని ఉండేవాడు. ఎవరూ పిలవలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, అందరం పళ్ళాల ముందు కూర్చున్నప్పుడు, నేను ఈ మేనల్లుడు కార్డినల్ కథ ఎత్తుకున్నాను. కత్తిరింపు పనిచేసే నిజామాబాద్ పెద్దమనిషి ముద్ద చేతిలోనే ఆపాడు.

“ముందు వరస జెప్పు. అక్క కొడుకా, అన్న కొడుకా?”

“అక్క కొడుకులూ ఉన్నారు, అన్న కొడుకులూ ఉన్నారు.”

“అన్న కొడుకు అల్లుడెట్లయితడు? కొడుకైతడు.”

“వాళ్ళ భాషలో రెండింటికీ ఒకటే మాటంట.”

“గదేం భాషరా! సరే, పిల్లనిచ్చిండా?”

“పోపుకు పెండ్లే లేదు, పిల్లెక్కడిది?”

“పిల్లనియ్యకుండనే రాజ్యమిచ్చిండు?” ఆయన మేస్త్రీ వైపు తిరిగాడు. “ఇన్నవా మేస్త్రీ, నువ్వే నయం. అల్లునికి దుకాణంతోని సరిపెట్టినవ్.”

గది పగిలిపోయేలా నవ్వాం. మేస్త్రీ కూడా మీసాల్లో నవ్వాడు. అల్లుడు సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఇస్త్రీబల్ల దగ్గర నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు వచ్చాడు.

“అన్నా, ఆ అల్లుడు ఆఖర్కి ఏమైండు?”

“ఏ అల్లుడు?”

“గదే, మామ టోపీ పెట్టినోడు. ఆయన్ని సూసి జనం నవ్విన్రా?”

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఫాదరుకు అందరికంటే ఇష్టమైన ఒక మేనల్లుడి కథ చెప్పాను. సరస్సు ఒడ్డున కోటలున్న వంశం. అచ్చమైన అక్క కొడుకు. ఇరవై దాటాడో లేదో, మేనమామ పోపు కాగానే కార్డినలయ్యాడు. జనం నవ్వే ఉంటారు, ఎందుకు నవ్వరు? మామ పోయాక రోమ్‌లో దర్జాగా కూర్చోవచ్చు. కానీ తన ఊరు మిలాన్ వెళ్ళిపోయాడు. అక్కడ ప్లేగు వచ్చింది. దొరలందరూ గుర్రబ్బండ్లు కట్టించుకుని ఊరొదిలేశారు. ఈయన కదల్లేదు. రోగుల దగ్గరికి తనే నడిచి వెళ్ళాడు. చలికి వణికే వాళ్ళకు బట్టలు చాలకపోతే, తన మేడలో వేలాడే పరదాలన్నీ దింపించి అంగీలు కుట్టించాడు. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. ఆ చలికాలం మిలాన్ బీదవాళ్ళు కార్డినల్ గారి పరదాల్లో తిరిగారని చెప్పేటప్పుడు మా ఫాదరు ఎప్పుడూ కళ్ళద్దాలు తుడుచుకునేవాడు.

“ఇండ్ల నువ్వు కలిపిందెంత?”

“గుర్రబ్బండ్లు నావి. పరదాలు నిజం.”

అతను టేపు చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. కువైట్ మీద పడ్డ మంట మా కిటికీల దాకా పాకింది. ఊరంతా అద్దాలకు అడ్డంగా నిలువుగా టేపు అంటించారు. సైరన్ మోగితే మేము తడి తువ్వాళ్ళు ముక్కుకు కట్టుకుని, బట్ట తానుల వెనక నక్కేవాళ్ళం. ఒక స్కడ్డు క్షిపణి మా మేడ మీద ఆరేసిన నా లుంగీని తగిలించుకుని పోయిందని నేను ఇప్పటికీ చెబుతాను. లుంగీ పోయిన మాట వాస్తవం.

కఫీల్, అంటే మా పాస్‌పోర్టులు బీరువాలో పెట్టుకున్న యజమాని, పిల్లలతో పల్లెకు వెళ్ళిపోయాడు. క్షిపణులు అందని పడమటి తీరానికి, జిద్దాకు, దారి తెరిచే ఉంది. మేస్త్రీ ఎవరినో పట్టుకుని తనకూ అల్లుడికీ ఊరు దాటే కాగితాలు సంపాదించాడు. మా దుకాణం వ్యాను నడిపే హైదరాబాద్ డ్రైవర్ భాయ్ వాళ్ళను దింపి రావాలి. మాకు ఆ కాగితాల్లేవు. అల్లుడు పోతాడని మాకందరికీ తెలుసు. పోకుండా ఉండడానికి అతనికేం పని?

వాళ్ళు బయలుదేరవలసిన ఆ ఉదయమే, దుకాణం వెనక సగం కట్టి వదిలేసిన మేడలోంచి మన మాటలు వినిపించాయి. వెళ్ళి చూస్తే ముప్పై మందికి పైనే ఉన్నారు, అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళే. కువైట్ సరిహద్దు దగ్గర హఫర్ అల్ బాతిన్‌లో కట్టుబడి పని. సైన్యం వచ్చి క్యాంపు ఖాళీ చేయమంటే, ఎక్కిన బండి ఇక్కడ దింపేసి పోయింది. సన్నగా వాన. జనవరి చలి రియాద్‌లో ఎముకలోకి దిగుతుంది. ఒంటి మీద పని చొక్కాలు తప్ప ఏమీ లేవు. ఒక ముసలాయన సిమెంటు సంచి కప్పుకుని దగ్గుతున్నాడు.

మేము తిరిగొచ్చి టీ పెడుతున్నాం. అల్లుడు నేరుగా లోపలి గదికి వెళ్ళాడు. అక్కడ ఒక పెళ్ళి హాలుకు కుట్టిన పరదాలున్నాయి. చిక్కటి ఎరుపు వెల్వెట్టు, అంచులకు బంగారు కుచ్చులు. యుద్ధం వల్ల పెళ్ళి ఆగి, పరదాలు కూడా ఆగాయి. అతను కట్ట విప్పి, కత్తెర తీశాడు.

“ఏం చేస్తున్నావ్?”

“కోట్లు.”

నేను కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టాను. “అది కథయ్యా! రోమ్ కథ! పోపు మేనల్లుణ్ణి అడిగేవాడు లేడు. నీకు కఫీల్ ఉన్నాడు. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిస్తాడు.”

“పరదాలు నిజమంటివి గదన్నా.”

అబద్ధం చెప్పి నేను ఎన్నడూ చిక్కుల్లో పడలేదు. నిజం చెప్పి ఆ రోజు పడ్డాను.

బయట వ్యాను హారన్ కొట్టింది. మేస్త్రీ లోపలికొచ్చి, కింద పరిచిన వెల్వెట్టును చూసి గోడ పట్టుకున్నాడు.

“కత్తెర ఆడ పెట్టు. బండెక్కు.”

“నువ్వు నడువ్ మామా.”

“పాగల్ గానివారా? మా అక్కకు ఏం మొకం సూపెట్టాలె? ఏం జెప్పాలె?”

“నీ అల్లుడు పని మీదున్నడని జెప్పు.”

మేస్త్రీ మా అందరి ముఖాలూ చూశాడు. మేమందరం వెల్వెట్టునే చూశాం. ఆయన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి బండెక్కాడు.

అల్లుడు కోత మొదలుపెట్టాడు. కత్తెర వంకరగా పోయింది, సహజమే. నిజామాబాద్ పెద్దమనిషి ఒక నిమిషం ఓర్చుకున్నాడు. ఆపైన లేచి చెయ్యి చాపాడు.

“ఇటియ్యి. బట్ట ఖరాబ్ జేస్తవ్. నువ్వు పోయి కొలతలు తే.” గుమ్మం దగ్గర మళ్ళీ ఆపాడు. “అల్లుడా! అడ్డం అడ్డమే, నిలువు నిలువే!”

ఆ రోజు అతను ఒక్క కొలతా తప్పలేదు. మా మిషన్లు ఆగలేదు. కుచ్చులు విప్పే తీరిక లేక అలాగే ఉంచేశాం. సాయంత్రానికి వాన వెలిసింది. సగం మేడలోంచి వాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. పాదాల దాకా ఎర్ర వెల్వెట్టు, అంచున ఊగే బంగారం. తాపీ పనివాళ్ళు, కూలీలు, సెంట్రింగ్ వాళ్ళు. ఎంత మెల్లగా, ఎంత హుందాగా నడిచారంటే, నేను చిన్నప్పుడు ఫాదరు మాటల్లో చూసిన కార్డినళ్ళు కొత్త పోపును ఎన్నుకోవడానికి మలాజ్ సందులోకి వచ్చినట్టుంది. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

“ఏందిరా ఇది,” అన్నాడు నిజామాబాద్ పెద్దమనిషి, “అందరు పోపు అల్లుళ్ళే!”

దగ్గే ముసలాయన కోటు చెయ్యి నిమురుకుంటూ వచ్చి అల్లుణ్ణి అడిగాడు. “ఉతికితే రంగు వోతదా బిడ్డా?”

“పోదే బాపూ.”

యుద్ధం ముగిశాక కఫీల్ తిరిగొచ్చాడు. ఎవరు చేశారని అడిగితే, మా కంటే ముందు అల్లుడే “అన” అన్నాడు. నేనే అని. కఫీల్ పెద్దాయన అప్పటికి ఇంకా ఆ మేడలోనే ఉన్న ఒక మనిషిని పిలిచి, వెల్వెట్టు కోటు తిప్పి కుట్టు చూశాడు. “పనితనం బాగుంది” అన్నాడు. తర్వాత, పెళ్ళివాళ్ళకు తను జవాబు చెప్పాలి కనుక, అల్లుణ్ణి దూరంగా ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న యాన్బు పంపేశాడు. అక్కడి రిఫైనరీ కాలనీ ఇళ్ళకు పరదాలు కుట్టే పని, మామూలు కూలివాడిగా. అతనితో పోతామని నేనూ, నిజామాబాద్ పెద్దమనిషీ చేతులెత్తాం. వ్యానుతో డ్రైవర్ భాయ్ కూడా వచ్చాడు. జిద్దా నుంచి తిరిగొచ్చిన మేస్త్రీ మాత్రం అల్లుడితో మాట కలపలేదు.

యాన్బు ఆఫీసులో గుమాస్తా ఈజిప్టు మనిషి. బల్ల ముందు నిలబెట్టి, మీలో పెద్ద ఎవరు అని అడిగాడు. నిజామాబాద్ పెద్దమనిషీ నేనూ ఒక్కసారే అన్నాం.

“అల్లుడు.”

గుమాస్తా కలం ఆగింది. అరబ్బుల్లో గొప్ప ఇళ్ళ పేర్లన్నీ ‘అల్’ తోనే మొదలవుతాయి కదా.

“అల్-లుడు?” అన్నాడు, అతన్ని కిందికీ మీదికీ చూస్తూ. “ఏ కబీలా?” ఏ తెగ అని.

డ్రైవర్ భాయ్ రెప్ప వేయలేదు. “సాబ్, చాలా పాత ఖాందాన్. రోమ్ దాకా చుట్టరికం ఉంది,” అన్నాడు అరబ్బీలోనే.

గుమాస్తా లేచి కుర్చీ జరిపాడు. అల్లుడు కంగారుగా నా వైపు తిరిగాడు. “ఏమంటున్నడన్నా?”

“కూర్చో,” అన్నాను. “నీ వంశం మొదలైంది.”

కూర్చున్నాడు. ఆ కుర్చీ అతన్ని మళ్ళీ వదల్లేదు. కొలతలు అతనివి, లెక్క అతనిది, తగవు తీర్పులు అతనివి. ‘మేస్త్రీ’ అని అక్కడా ఎవరూ అనలేదు. అతను కూడా చెవులు రిక్కించడం మానేశాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మేస్త్రీ బస్సు దిగి వచ్చాడు. చేతిలో అక్క పంపిన పచ్చడి డబ్బా. తలుపు దగ్గరే గుమాస్తా ఆపి, ఎవరు కావాలన్నాడు.

“మా అల్లుడు.”

“అల్-లుడు పనిలో ఉన్నారు. మీరు ఆయనకేమవుతారు?”

మేస్త్రీ నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

“మామను,” అన్నాడాయన, మెల్లగా.

డ్రైవర్ భాయ్ అరబ్బీలోకి మార్చాడు. “ఖాల్.” గుమాస్తా గబగబా లేచి, ఆయనకు కూడా కుర్చీ వేసి, టీ తెప్పించాడు. మేస్త్రీ కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. లోపలి గదిలోంచి మెడలో టేపుతో అల్లుడు గుమ్మంలోకి వచ్చి, మామను చూసి ఆగిపోయాడు.

మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. “పని కానియ్యి అల్లుడా. అయ్యేదాక నేను ఈడనే కూసుంట.”