చలిమిడి, నీలం మందు

మా మొదటి పిల్లవాణ్ణి చూడటానికి వచ్చినవాళ్ళందరూ వాడి ఒళ్ళు చూసి ముచ్చటపడ్డారు. మూడో నెల పిల్లాడిలా ఉన్నాడన్నారు. బుగ్గలు చూడమన్నారు, తొడలు చూడమన్నారు. ఆ పిల్లవాడు పుట్టగానే ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. తల బయటికొచ్చాక భుజాలు పట్టేశాయి. మంత్రసాని నానా అవస్థా పడి బయటికి తీసేసరికే ప్రాణం లేదు. అయినా చాప మీద పడుకోబెట్టిన వాణ్ణి చూసి ఒకావిడ, "కడుపులో ఎంత పుష్టిగా పెంచావమ్మా" అని నన్ను మెచ్చుకుంది. ఆవిడ జుట్టు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది నాకు. లేచే ఓపిక లేక ఊరుకున్నాను.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. మా అమ్మావాళ్ళ ఊరు పామర్రుకి దగ్గర, కాలవ గట్టున. అత్తవారి ఊరు అదే కాలవ మీద ఇంకాస్త దిగువన. మా ఆయనకి బెజవాడలో ఉద్యోగం. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి, సోమవారం తెల్లారకుండానే వెళ్ళిపోయేవారు. నేను మళ్ళీ నెల తప్పానని తెలియగానే ఎవరినీ అడక్కుండా నన్ను బెజవాడ తీసుకెళ్ళి ఒక లేడీ డాక్టరుకి చూపించారు. నేను మొదటి కాన్పు సంగతి చెబుతుంటే ఆవిడ మధ్యలో ఆపి, "బాగా పెద్ద పిల్లాడా?" అని అడిగింది. ఈవిడ కూడా మొదలుపెట్టిందిరా బాబూ అనుకున్నాను.

ఆవిడ అడిగింది ముచ్చటపడటానికి కాదు. నెలనెలా నన్ను రప్పించి మూత్రం పరీక్ష చేసేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో కొన్ని చుక్కల మూత్రం వేసి, దీపం మీద కాచేది. మొదట్లో నీలంగానే ఉండేది. ఐదో నెలలో పసుపుపచ్చకి తిరిగింది.

"నీకు షుగరొచ్చిందమ్మా," అంది డాక్టరు. "కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది. నీ ఒంట్లో షుగరు పెరిగితే లోపల బిడ్డ మరీ లావైపోతుంది. చూడ్డానికి బలంగా ఉంటుంది కానీ ప్రాణానికి ముప్పు. మొదటి బిడ్డకీ ఇదే అయ్యుంటుంది. నేను చెప్పినట్టు వింటే ఈ బిడ్డ నీకు దక్కుతుంది."

తీపి ముట్టుకోవద్దంది, అన్నం తగ్గించమంది. ఇంట్లో కాచి చూసుకోమని ఒక సీసా నీలం మందూ, ఒక గాజు గొట్టమూ ఇచ్చింది. నీలంగా ఉంటే మంచిది, ఆకుపచ్చయితే ఫరవాలేదు, పసుపైతే నోరు కట్టుకోవాలి, ఇటుక రంగొస్తే వెంటనే బస్సెక్కి రావాలి. ఇదీ పాఠం.

మా అత్తగారికి ఇందులో ఒక్క ముక్కా నచ్చలేదు. "షుగరు ముసలి షావుకార్లకి కదమ్మాయ్ వచ్చేది. నీకెందుకొస్తుంది?" అంది. ఊరి చుట్టూ వరిచేలు, ఇంటి ముందు పురి నిండా వడ్లు, నా కంచంలో మాత్రం చారెడన్నం. పక్కన ఇంత తోటకూర, గ్లాసుడు మజ్జిగ. ఆవిడ నా కంచం వంక చూసినప్పుడల్లా నిట్టూర్చేది. కడుపుతో ఉన్న కోడల్ని పస్తు పెడుతోందని ఊరంతా తననే ఆడిపోసుకుంటుందని ఆవిడ భయం. అది నిజమే, ఆడిపోసుకున్నారు కూడా.

కాచి చూసుకోవడం దగ్గర ఇంకో రభస. "ఆ గ్లాసులో ఏం పట్టుకొస్తున్నావో నాకు తెలుసు. నా వంటింటి గడప దాటావంటే ఊరుకోను," అంది. చేసేదేముంది? పశువుల కొట్టంలో కొవ్వొత్తి వెలిగించుకుని, గాజు గొట్టాన్ని పట్టకారుతో పట్టుకుని కాచుకునేదాన్ని. మా గేదె నెమరు వెయ్యడం మానేసి మరీ నన్ను చూసేది. నోరు కట్టుకున్నందుకు రంగు ఆకుపచ్చ దగ్గర ఆగింది.

ఏడో నెలలో అమ్మ చలిమిడి పట్టుకుని వచ్చింది. కడుపుతో ఉన్న కూతురికి తల్లి చలిమిడి తెచ్చి ఒళ్ళో పెట్టాలి. అది కూతురి కడుపుకి చలవ. బియ్యం నానబోసి, తడి ఆరకుండానే దంచి, ఆ పిండిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి, కొబ్బరి ముక్కలు, గసగసాలు, యాలకులు వేసి చేస్తారు. మా అమ్మ చలిమిడికి మా వైపు పేరుంది. షుగరు సంగతి అమ్మకి ముందే చెప్పాను. ఆవిడ నా మాట కొట్టిపారెయ్యలేదు. అన్నం తగ్గించమంటే తగ్గించాలంది, స్వీట్లు మానమంటే మానాలంది. "కానీ చలిమిడి స్వీటు కాదే," అంది. "కడుపు చలవకి పెట్టేదాన్ని మిఠాయిల్లో కలుపుతావా?"

నేను గొడవపడ్డాను. చుట్టూ ముత్తైదువలు కూర్చుని ఉన్నారు, అమ్మ చేతిలో ముద్ద ఉంది, యాలకుల వాసన ముక్కు దాకా వస్తోంది. నెలల తరబడి తోటకూర తిన్న నోరు. తిన్నాను. ఆ తర్వాత పురిటికని నన్ను తన ఇంటికి తీసుకెళ్ళి, అక్కడా పొద్దునో ముద్ద, సాయంత్రం ఓ ముద్ద పెట్టింది. పాకం చలిమిడి తొందరగా పాడవదు.

అమ్మ ఇంట్లో నేను అలవాటు కొద్దీ కొవ్వొత్తి పట్టుకుని పెరట్లోకి బయల్దేరాను. "పొయ్యి ఉండగా పశువుల దగ్గరెందుకే? తర్వాత పసుపునీళ్ళు చల్లుకుంటాలే," అని అమ్మే నన్ను వంటింట్లోకి పిలిచింది. ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. నీలం ఆకుపచ్చయింది, ఆకుపచ్చ పసుపయింది. అక్కడ ఆగుతుందని చూశాను. ఆగలేదు. మందంతా చిక్కబడి ఇటుక రంగుకి వచ్చేసింది.

"పాకం రంగొచ్చిందే," అంది అమ్మ. "మంచిదేనా?"

"చెడ్డది. అన్నిటికంటే చెడ్డది."

అమ్మ గొట్టం వంక చూసింది. తర్వాత ఉట్టి మీదున్న చలిమిడి గిన్నె వంక చూసింది. "మొదటివాడప్పుడు కూడా పెట్టాను," అంది. "ఐదో నెల నుంచి పురిటి దాకా పెట్టాను. అయిపోతే మళ్ళీ చేసి పెట్టాను." నేను ఏదో అనబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. గిన్నె దించి పెరట్లోకి తీసుకెళ్ళి, చలిమిడంతా కుడితి తొట్టిలో వేసి, గిన్నె మట్టితో తోమింది. తోమిందే తోమింది.

మర్నాడు బెజవాడ వెళ్ళాం. డాక్టరు నన్ను బాగా కేకలేసి, రోజూ పొద్దున్నే ఇన్సులిన్ ఇంజక్షన్ చేయించుకోవాలంది. నెలలు పూర్తిగా నిండే దాకా ఆగననీ, ముందే తన దగ్గరికి వస్తే ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తాననీ చెప్పింది. అమ్మ అంతా విని, లేచి నిలబడి అడిగింది.

"డాక్టరమ్మ గారూ, మొదటి పిల్లాణ్ణి నేనే చంపుకున్నానాండీ?"

"చలిమిడి వల్ల ఈ జబ్బు రాదమ్మా," అంది డాక్టరు. "ఉన్న జబ్బుని పెంచుతుంది. అప్పుడు జబ్బుందని మీకు చెప్పినవాళ్ళు లేరు కదా. అందులో మీ తప్పేముంది?"

ఆ మాట నాకు చాలు. అమ్మకి చాల్లేదు. తిరుగు బస్సు ఎక్కాం. ఉయ్యూరు వచ్చేసరికి పంచదార ఫ్యాక్టరీ వాసన బస్సులోకి కొట్టింది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళాం కానీ అమ్మ అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అక్కణ్ణుంచి అమ్మ పోలీసైపోయింది. ఇన్సులిన్ సీసాని మంచినీళ్ళ కుండ కింద తడి ఇసకలో దాచేది. ఇంజక్షన్ చెయ్యడానికి కాంపౌండరు సైకిలు మీద వచ్చేసరికి సూది, సిరంజీ మరగబెట్టి ఉంచేది. రంగు నాకంటే ముందు తనే చూసేది. కడుపుతో ఉన్న పిల్ల నోరు కట్టుకోకూడదని ఇరుగుపొరుగు బూరెలూ పాయసమూ తెస్తే, "అక్కడ పెట్టి వెళ్ళమ్మా, గిన్నె కడిగి పంపిస్తాను," అనేది. అవన్నీ తిన్నది అమ్మావాళ్ళ గేదె. మా ఊళ్ళో ఆ ఏడాది సుఖపడిన ప్రాణి అదొక్కటే.

నెలలు నిండకముందే బెజవాడలో ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది, నర్సు విసుక్కునేంత గట్టిగా ఏడ్చింది. ఆరు పౌన్లు కూడా లేదు. ఇంటికొచ్చాక చూడటానికి వచ్చినవాళ్ళు దుప్పటి తీసి చూసి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఇంతేనా?" అని ఒకావిడ పైకే అనేసింది. మొదటి పిల్లవాణ్ణి మెచ్చుకున్న మనిషే. అప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు.

"ఇంతే," అంది అమ్మ, దుప్పటి మళ్ళీ కప్పుతూ.

మూడో నెలలో నన్నూ పిల్లనీ తీసుకెళ్ళడానికి అత్తగారు వచ్చింది. కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు సారెలో చలిమిడి ఉండి తీరాలి. అమ్మ చీరా, పసుపూ కుంకుమా, అరటిపళ్ళూ అన్నీ సర్దింది. అది మాత్రం చెయ్యలేదు. "చలిమిడి లేని సారేవిటి వదినగారూ?" అని అత్తగారు అడిగితే, "నేనింక ఈ చేత్తో చెయ్యనండీ," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఏం పాపం చేసిందని ఈవిడ తన చేతిని తిట్టుకోవాలి? తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గాజు గొట్టం తీశాను. అత్తగారు చూస్తుండగానే అమ్మ పొయ్యి మీద కాచాను. కాన్పయ్యాక షుగరు పోయిందని డాక్టరు చెప్పింది, కానీ అమ్మ తన కళ్ళతో చూడాలి. మందు తెర్లింది. నీలంగానే ఉంది. ఇంకాసేపు కాచాను. నీలమే.

"చూశావుగా," అన్నాను. "నాకిప్పుడు చలిమిడి కావాలి. నువ్వు చేస్తేనే తింటాను. లేకపోతే ఇక్కణ్ణుంచి కదలను."

అమ్మ వెళ్ళి బియ్యం నానబోసింది. మర్నాడు ప్రయాణమయ్యే ముందు నా ఒళ్ళో చలిమిడి పెట్టి, అందులోంచి శనగగింజంత గిల్లి నా నోట్లో పెట్టింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే," అంది. "తక్కినది పంచిపెట్టు. రేపు అక్కడ మళ్ళీ కాచి చూసుకో. ఏం రంగొచ్చిందో నాకు కబురు చెయ్యి."

మర్నాడు అత్తవారింట్లో కొవ్వొత్తి పట్టుకుని పశువుల కొట్టం వైపు నడిచాను. అత్తగారు వెనక నుంచి పిలిచింది. వంటింట్లోకి రమ్మని తనే పొయ్యి ఎగదోసింది. రంగు తేలేదాకా నా పక్కనే కూర్చుంది.

"నీలమేగా?" అంది.

"నీలమే అత్తయ్యా."

"పామర్రు వెళ్ళే వాళ్ళెవరైనా ఉన్నారేమో చూస్తానుండు," అని ఆవిడ లేచింది. "పాపం, మీ అమ్మ పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టి ఉండదు."