సిస్లీ తల్లి పేరు

ఎవరైనా మాట్లాడబోతే మా మేనత్త నెట్టా వాళ్ళ గడ్డం కింద వేలు పెట్టి, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పేది. పిల్లలైనా, డాక్టరైనా, చర్చి ఫాదరైనా అంతే. మా ఊరు డండీలో జనపనార మిల్లు మగ్గాల మధ్య ఆమె వయసంతా గడిచింది. ఆ హోరులో చెవులు పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకునేది.

పెళ్ళి చేసుకోలేదు. మిల్లు మూతపడ్డాక ఆమెకు ఒకటే పని మిగిలింది. సిస్లీ ఎవరి కూతురో తెలుసుకోవడం.

సిస్లీ మా అత్తకు ముత్తవ్వ. ఐర్లండులో ఓడెక్కి వచ్చి, డండీ మిల్లులోనే నూలు వడికింది. జనాభా లెక్కలవాళ్ళు పుట్టిన ఊరు అడిగినప్పుడల్లా "ఐర్లండు" అని ఊరుకుంది. ఎందుకలా ఊరుకుందో ఎవరికీ తెలియదు.

"అడిగితే చెంప మీద కొట్టేదట," అనేది అత్త. "ఆ దెబ్బ మా అమ్మమ్మ దాకా వచ్చింది. జవాబు మాత్రం రాలేదు."

సిస్లీ పుట్టింటి పేరు మకెనా. దాంతో లాభం లేదు. ఐర్లండులో మోనహన్ వైపు రాయి విసిరితే ఎవరో ఒక మకెనాకు తగులుతుంది. అత్తకు దొరికిన దారం పిల్లల పేర్లు. మావాళ్ళు మొదటి ఆడపిల్లకు అమ్మమ్మ పేరు, రెండో పిల్లకు నాయనమ్మ పేరు పెడతారు. సిస్లీ పెద్దకూతురు బ్రిజెట్. కాబట్టి సిస్లీ తల్లి కూడా బ్రిజెట్. అత్త మోనహన్ చర్చిలన్నీ తిరిగి, సిస్లీ అనే కూతురున్న ఒక బ్రిజెట్ మకెనాను పట్టుకుంది. వయసు సరిపోయింది.

ఆ బ్రిజెట్ వంశంలో, ఆ ఇంట్లో మిగిలింది ప్యాకీ ఒక్కడే. ఎనభై దాటిన బ్రహ్మచారి, రెండు ఆవులు. డండీ నుంచి చుట్టం వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి వేసవీ వెళ్ళేవాళ్ళం. కారు నేను నడిపేదాన్ని. కిందటేడు తమ కుటుంబ సమాధిలో ఆమెకు చోటిస్తానన్నాడు.

"నువ్వు ఎడమ పక్క పడుకో. కుడి పక్క మా అమ్మ. గురక పెట్టేది."

"నాకు వినపడదుగా," అంది అత్త.

తిరిగి వచ్చేటప్పుడు ఓడలో ఆమె పాట పాడింది. ఆమె పాడగా వినడం నాకు అదే మొదలు.

ఈ ఏడు బయలుదేరే ముందు, మా పేట చర్చిలో అత్త పాత ఖననాల పుస్తకం చూస్తుంటే అందులో ఒక పసిబిడ్డ కనబడింది. పేరు ఎలెన్. సిస్లీ కూతురే. బ్రిజెట్ పుట్టకముందే పోయింది. అంటే బ్రిజెట్ రెండో పిల్ల. ఆ పేరు నాయనమ్మది. సిస్లీ తల్లి పేరు ఎలెన్ అయ్యుండాలి. ప్యాకీ ఇంటి సిస్లీ వేరే మనిషి. ప్యాకీ మాకు ఏమీ కాడు.

ఓడలో అత్త ఈసారి కూర్చోలేదు. ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంది.

మేం వెళ్ళింది సమాధుల ఆదివారానికి. ఆ రోజు ఎవరి సమాధి దగ్గర వాళ్ళు నిలబడితే, ఫాదర్ నీళ్ళు చల్లుతూ వస్తాడు. ప్యాకీ అప్పటికే గడ్డి పీకి, రాయి కడిగి ఉంచాడు. శనివారం సాయంత్రం వంటింట్లో సోడా రొట్టె కోస్తున్నాడు. అత్త పొయ్యికీ గుమ్మానికీ మధ్య తిరుగుతోంది.

"కూర్చో పిల్లా. నీ వెంట తిప్పి తిప్పి నా మెడ పట్టేసింది."

"ప్యాకీ, నేను మీవాళ్ళ పిల్లను కాను."

"టీ చల్లారుతోంది."

ఆమె అంతా చెప్పింది. అతను రొట్టె మీద వెన్న రాస్తూ చివరిదాకా విన్నాడు.

"ఆ పసిదాని సంగతి ఇంకెవరికి తెలుసు?"

"దీనికి." నా వైపు చూపించింది.

"ఇది చెప్పదులే. చూడు నెట్టా, ఇన్నేళ్ళూ నా చుట్టానివని చెప్పుకున్నాను. ఇప్పుడు కాదంటే ఊళ్ళో నవ్వరూ? దారిన పోయేదాన్ని పట్టుకొచ్చి ముసలాడు చుట్టరికం కలిపాడంటారు."

"అననీ."

"రేపు నా పక్కన నిలబడు, చాలు. పడుకునే సంగతి తర్వాత చూద్దాం."

"మీ రాతి మీద నా పేరు పడితే, సిస్లీ ఇల్లు దొరికిందనుకుంటారు. ఇంకెవరూ వెతకరు."

"ఇప్పుడు మాత్రం ఎవరు వెతుకుతారు? నీకు పిల్లా జెల్లా?"

"నేనున్నాగా. ఇంకా చావలేదు."

ప్యాకీ కత్తి కింద పెట్టాడు. "నీ మొండితనం మాత్రం అచ్చం మకెనాలదే," అన్నాడు. నవ్వలేదు. ఆవుల్ని చూడాలని బయటికి వెళ్ళి, చీకటి పడేదాకా రాలేదు.

మర్నాడు ఉదయం సన్నని జల్లు. సమాధుల మధ్య కుటుంబాలు గొడుగుల కింద నిలబడ్డాయి. ప్యాకీ పండగ కోటు వేసుకుని, తన రాతి దగ్గర ఎడమ పక్కన చోటు వదిలి నిలబడ్డాడు. అత్త అతన్ని చూసి తల ఊపింది. ఆగలేదు. ప్రార్థన మొదలైంది. అందరూ తలలు వంచారు. ఆమె ఒక్కతే వరసల మధ్య నడుస్తోంది. గోడవారగా, ఎవరూ నిలబడని పాత రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వంగి, చేతిరుమాలుతో నాచు తుడిచి చదివింది. ఎలెన్ కాదు. పక్క రాయి దగ్గరికి వెళ్ళింది.