అరటి మార్కెట్లో చదివిన నా ఫోను

ఇంటర్ రెండో ఏడాదిలో మా నాన్నగారు నాకు ఫోను కొనిచ్చారు. పగ్గాలు మాత్రం తన ఫోనులోనే పెట్టుకున్నారు. నేను ఏ యాప్ వేసుకోవాలన్నా ఆయన ఫోను మోగుతుంది, ఆయన సరేనని నొక్కితేనే నాకు వస్తుంది. "ఆడపిల్లవి, మేం చూసుకోవద్దా?" అనేవారు. చూసుకోండి, నాకేం భయం అనుకున్నాను.

నాన్నగారు రావులపాలెంలో అరటి వ్యాపారి. పొద్దుట్నించీ గెలలు దింపించే మనిషికి చేతుల నిండా జిగురే. ఆ చేత్తో ఫోను ముట్టుకోరు. మోగితే పక్కనున్నవాళ్ళకి చూపించి, చదివి నొక్కమంటారు. ఆ సంగతి నాకు తెలీదు.

ఓరోజు, నెలసరి తేదీలు రాసుకునే యాప్ కోసం అడిగాను. జవాబు రాలేదు. సాయంత్రం నాన్నగారు నా వంక చూడకుండా అమ్మతో అన్నారు.

"మన గుమాస్తా గారు చదివారు. పిల్లకి ఒంట్లో బాలేదేమో కనుక్కో. కాటా దగ్గరుండే ఆయన, రాజమండ్రిలో మంచి డాక్టరమ్మ ఉందండి అన్నారు."

కాటా దగ్గరాయనకి నా నెలసరితో ఏం పని! ఒళ్ళు మండిపోయింది. ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. "ఊరుకోవే, తెలీక చేశారు," అంది అమ్మ. తెలీకపోతే తెలియజెప్పాలి కదా!

మర్నాడు కాలేజీ మానేసి, ఆటో ఎక్కి మార్కెట్టుకి వెళ్ళాను. గెలల వరసల మధ్య నిలబడి అందరికీ వినపడేలా అడిగాను.

"నాన్నగారూ, నా నెలసరి యాప్‌కి సరే అంటారా, అనరా?"

గుమాస్తా గారు తల దించుకున్నారు.

"ఇంతమందిలో ఏంటమ్మా ఇది! ఇంటికి పద," అన్నారు నాన్నగారు గొంతు తగ్గించి.

"వీళ్ళందరూ నిన్న విన్నదే కదండీ. నేను కొత్తగా చెప్పిందేం లేదు."

ఆయన మొహం కందిపోయింది. జాలేసింది, నిజమే. అయినా కదల్లేదు. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. జిగురు పోలేదు. ఆ చేత్తోనే ఫోను తీసి మొదటిసారి తనే నొక్కారు. తర్వాత దాన్ని నా చేతికిచ్చి, "ఈ గోలంతా ఎలా తీసెయ్యాలో నువ్వే చూడు," అన్నారు. అక్కడే నిలబడి ఆ పగ్గాలన్నీ తీసేశాను.

ఇప్పటికీ చుట్టాలు నన్ను నడిమార్కెట్లో తండ్రి పరువు తీసిన పిల్ల అంటారు. అననివ్వండి. ముందు రోజు అదే మార్కెట్లో పోయిన నా పరువు సంగతి ఇంతవరకూ ఒక్కరూ ఎత్తలేదు.